డ్రాయింగ్ మాస్టారయితే బొమ్మలు ఆగిపోతాయా?

ప్రశ్న: అమ్మా, నాకు 30 ఏళ్లు. మాది సిద్దిపేట జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, ఆరేళ్లుగా యూసుఫ్‌గూడలో ఒక గదిలో ఉంటూ బొమ్మలు వేస్తున్నాను. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన నడిపే నైట్ సర్వీసు ఎక్కి ఇంజిన్ పక్కన కూర్చునేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తే బస్సు నిండా నిద్రపోతున్న మనుషులు. పక్కవాళ్ల భుజం మీద తల వాల్చినవాళ్లు, నోరు తెరిచి నిద్రపోయేవాళ్లు, సంచి మీద చెయ్యి మాత్రం వదలని ముసలమ్మలు. ఆ నిద్రనే పెద్ద కాన్వాసుల మీద వేస్తున్నాను. 14 నెలల్లో నాలుగు పూర్తయ్యాయి. రెండు అమ్ముడుపోతే నా చేతికి వచ్చింది 58 వేలు. ఇల్లు గడవడానికి రెస్టారెంట్ల గోడలకు మ్యూరల్స్, పెళ్లి మండపాలకు బ్యాక్‌డ్రాపులు, ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకు రంగులు, ఫోటో చూసి పోర్ట్రెయిట్లు చేస్తున్నాను. చెల్లి పెళ్లికి చేసిన అప్పు నాలుగు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, అలాగే ఉంది.

ఇప్పుడు గురుకుల పాఠశాలలో ఆర్ట్ టీచర్ ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆసిఫాబాద్ వైపు. చేతికి 40 వేల పైచిలుకు వస్తుంది. జాయినవడానికి ఇంకా 19 రోజులే గడువు. నా ఫ్రెండ్ ‘వెళ్తే నీ ఆర్ట్ ఖతం, జీవితాంతం డ్రాయింగ్ మాస్టర్‌వే’ అంటున్నాడు. అమ్మ ‘నౌకరి జేస్తే పటాలు గియ్యొద్దని ఎవరన్నరు?’ అంటోంది. నాన్న ‘నీ ఇష్టం కొడుకా’ అని ఊరుకున్నారు. చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకముందే అంత పని చేసి పోయారు. నాకేమో 30 వచ్చేసింది. ఫెలోషిప్‌కి అప్లై చేసి ఇంకో రెండేళ్లు ఆగాలా? నిద్ర పట్టడం లేదు.
ఒక చిత్రకారుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, మా చిన్నవాడి కంటే కూడా చిన్నవాడివి, ‘నువ్వు’ అనే రాస్తాను. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తరువాత. వెళ్లి జాయినవ్వు.

ఈవిడా అందరిలాగే మాట్లాడింది అని కాగితం పక్కన పడెయ్యకు. నేను 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని. ఉత్తరం చదివినా అంకెలు కనిపిస్తే ముందు కూడికలు వేస్తాను. నీ ఉత్తరానికి జతచేసిన రెండో కాగితంలో ఏ పనికి ఎన్ని రోజులు పట్టిందో నువ్వే రాసి పంపావు. ఎందుకు రాశావో తెలియదు గానీ, మంచి పని చేశావు. తొమ్మిది మ్యూరల్స్, ఒక్కోదానికి బేరసారాలు, డబ్బు కోసం తిరగడం కలిపి 22 రోజులు, అంటే 198. పెళ్లి బ్యాక్‌డ్రాపులకు 70. ధూల్‌పేటలో 40. పోర్ట్రెయిట్లకు 60. మొత్తం 368 రోజులు. పద్నాలుగు నెలలంటే సుమారు 425 రోజులు. మిగిలినవి 57. జ్వరాలు, పండగలు, ఊరికి పోయి రావడాలు అన్నీ అందులోనే. ఆ మిగులులోనే నీ నాలుగు కాన్వాసులూ.

‘ఉద్యోగమా, కళా?’ అని అడిగావు. నువ్వు ఇప్పటికే నాలుగు ఉద్యోగాలు చేస్తున్నావు నాయనా. ఒక్కదానికీ ఒకటో తారీఖు లేదు, ఆదివారం లేదు, జబ్బు చేస్తే సెలవు లేదు. పైగా నాలుగూ చేతితోనూ రంగుతోనూ చేసే పనులే. రాత్రి గదికి వచ్చేసరికి ఏ చెయ్యితో బస్సులో ముసలమ్మను వెయ్యాలో ఆ చెయ్యి అప్పటికే రెస్టారెంటు గోడ మీద అరటాకులు వేసి అలిసిపోయి ఉంటుంది. క్లాసులో పిల్లలకు చెప్పి వచ్చినవాడికి గొంతు అలుస్తుంది, కాళ్లు అలుస్తాయి. చెయ్యి కాస్త మిగులుతుంది.

అప్పు సంగతి. నాలుగు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 8 వేలు. నీ రెండు బొమ్మలు తెచ్చిన 58 వేలు ఆ వడ్డీకి ఏడు నెలలు సరిపోయాయి, అంతే. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. జీతంలోంచి నెలకు 20 వేలు కట్టగలిగితే అదే వడ్డీ మీద 26 నెలల్లో అప్పు తీరిపోతుంది. ఇంకో మాట, ఇది బ్యాంకు మనిషిగా చెబుతున్నాను. నెలనెలా జీతం పడే ఖాతా కొన్ని నెలలు నడిచాక పర్సనల్ లోన్ అడుగు. దాని వడ్డీ నువ్వు కడుతున్నదాంట్లో సుమారు సగం ఉంటుంది. ఆ డబ్బుతో ఊళ్లో అప్పు తీర్చేసి బ్యాంకుకి కట్టుకో. పోర్ట్రెయిట్లు వేసుకునే కుర్రాడిగా వెళ్తే కౌంటర్ దగ్గర ఫారం కూడా ఇవ్వరు. నేనే ఎంతోమందికి ఇవ్వలేదు. ఆ పాపం ఇంకా గుర్తుంది.

ఇక ఉద్యోగంలో చేరితే ఎన్ని రోజులు దొరుకుతాయో చూద్దాం. గురుకులం అంటే సాయంత్రం గంట కొట్టగానే ఇంటికొచ్చే బడి కాదు. పిల్లలు అక్కడే ఉంటారు, వంతుల ప్రకారం రాత్రి డ్యూటీలు పడతాయి, స్టడీ అవర్లు ఉంటాయి. అందుకే ఆదివారాల్లో సగమే లెక్కేస్తున్నాను, 26. వేసవి సెలవుల్లో కొంత కోత పోయినా ఒక 35. దసరా, సంక్రాంతి కలిపి 12. ఏడాదికి 73 రోజులు. పద్నాలుగు నెలలకు 57 ఎక్కడ, పన్నెండు నెలలకు 73 ఎక్కడ? ఖాళీ సాయంత్రాలను నేను లెక్కలోకే తీసుకోలేదు.

సిద్దిపేటవాడివై ఉండి ‘డ్రాయింగ్ మాస్టర్’ అన్న మాటను తిట్టులా రాశావు, అది నాకు నచ్చలేదు. కాపు రాజయ్య గారు ఏం చేసేవారు? 1925లో మీ సిద్దిపేటలోనే పుట్టారు, బడిలో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశారు. బోనాలు, వడ్డెర ఆడవాళ్లు, ఎల్లమ్మ జోగులు, చుట్టూ కనిపించిన బతుకే ఆయన బొమ్మలు. మీ చేర్యాల వైపు కథలు చెప్పడానికి వేసే నకాషీ పటాల తీరును తన గీతలోకి తెచ్చుకున్నారు. 2012లో పోయేనాటికి ఆయన పేరు చెప్పకుండా తెలంగాణ చిత్రకళ గురించి ఎవరూ మాట్లాడలేని స్థితి వచ్చింది. పాఠాలు చెప్పడం కళకు చేటయితే చిత్రకారులు లక్ష్మాగౌడ్ గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎందుకు చెప్పారు? కె.జి. సుబ్రహ్మణ్యన్ గారు బరోడాలో, శాంతినికేతన్‌లో దశాబ్దాల తరబడి ఎందుకు చెప్పారు?

అయినా ఈ పేర్లతో నిన్ను నోరు మూయించడం న్యాయం కాదు. యూనివర్సిటీలో చిత్రకళ చెప్పడం వేరు, ఏడో తరగతి పిల్లల చేత మామిడికాయ వేయించడం వేరు. డ్రాయింగ్ మాస్టార్లు వేలమంది ఉన్నారు, రాజయ్య గారు ఒక్కరే. మిగతావాళ్లు ఏమయ్యారని నువ్వు అడగొచ్చు. అడగాలి కూడా.

ఆ మిగతావాళ్లలో నేనొకదాన్ని. నాది బొమ్మ కాదు, వీణ. విజయనగరంలో పన్నెండేళ్లు నేర్చుకున్నాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో మా నాన్నగారు చేయించి ఇచ్చిన వీణ, ఒకే పనస దుంగలోంచి తొలిచింది. 1981లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరు. రెండు బస్సులు మారాలి, రైల్లో వీణ అంటే గుండె దడ. ‘ముందు నువ్వెళ్లి సర్దుకో, వీణ తరువాత పంపిస్తాం’ అంది అమ్మ. సరే అన్నాను. సర్దుకోవడానికి నాకు 34 ఏళ్లు పట్టింది. రిటైరయ్యాక పుట్టింటి అటక మీద నుంచి దించి గుడ్డ విప్పితే మెట్లను పట్టి ఉంచే మైనం ఎండి పెళుసులు పెళుసులుగా రాలింది. ఇత్తడి మెట్లు కొన్ని అడుగున దొరికాయి, కొన్ని దొరకనే లేదు.

ఉద్యోగమే నా వీణను తినేసిందని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. వినేవాళ్లు పాపం అనేవారు, నాకూ బాగుండేది. నిజానికి ఆ ఊళ్లో నా సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉండేవో నీకు చెప్పలేను. ఆరున్నరకు బ్యాంకు మూసేవాళ్లం. టీవీ లేదు, తెలిసినవాళ్లు లేరు. డాబా మీద కూర్చుని వచ్చే పోయే లారీలు లెక్కపెట్టేదాన్ని. గదిలో వీణ ఉంటే వాయించేదాన్నే. లేదు కాబట్టి వాయించలేదు.

అందుకని నీకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. జాయినవడానికి వెళ్లే మొదటి బస్సులోనే నీ రంగులు వెళ్లాలి. క్వార్టర్ దొరికాక తెచ్చుకుంటాను, జీతం పడ్డాక కొత్తవి కొంటాను, ప్రొబేషన్ అయ్యాక మొదలుపెడతాను, ఇవేవీ వద్దు. బకెట్, చాప, పరుపు తరువాత పంపించమని మీ అమ్మకు చెప్పు. చాప లేకుండా రెండు రాత్రులు పడుకోవచ్చు.

కాన్వాసు పెద్దది, గది చిన్నది అంటావేమో. చిన్నగా వెయ్యి. లక్ష్మాగౌడ్ గారికి మొదట పేరు తెచ్చింది గోడంత కాన్వాసులు కావు, కాగితం మీద వేసిన డ్రాయింగులు, లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే ఎచింగులు. మీ నైట్ సర్వీసులో నిద్రపోయేవాళ్లకు ఐదడుగుల కాన్వాసే కావాలని ఎవరన్నారు? గ్యాలరీలో అందరివీ పెద్దవి ఉంటాయి కాబట్టి నువ్వూ పెద్దవి మొదలుపెట్టావేమో, నిన్ను నువ్వే అడిగి చూసుకో. టికెట్టు అంత కాగితం మీద ఒక మొహం వేసినా నేనయితే చూస్తాను.

పోయేవి కూడా ఉన్నాయి, దాచను. హైదరాబాద్ పోతుంది. మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో సాయంత్రం ఓపెనింగులు, అక్కడ టీ తాగుతూ దొరికే పరిచయాలు, ‘ఈ మధ్య ఏం వేస్తున్నావ్?’ అని అడిగే మనుషులు పోతారు. కళాకారుడు కనిపించకపోతే మరిచిపోతారన్నది అబద్ధం కాదు. ఏడాదికి రెండు మూడు సార్లు పని పట్టుకుని వెళ్లి కనిపించడం తప్ప దానికి నా దగ్గర మందు లేదు. బడిలో ఇంకో బాధ ఉంటుంది. ఆగస్టు 15 వస్తే స్టేజి నీదే, జనవరి 26 వస్తే ముగ్గు నీదే, ఎవరైనా ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారంటే రాత్రికి రాత్రి స్వాగతం బోర్డు నీదే. లెక్కల సారుకి చార్టులు కావాలి, పీఈటీకి కోర్టు గీతలు కావాలి. ఆర్ట్ టీచర్ అంటే ఊరందరి పెయింటర్ అనుకుంటారు. మొదటి ఏడాది కాదనకు, మాట పడతావు. కానీ ఒక్కడివే చెయ్యకు. తొమ్మిదో తరగతిలో చెయ్యి ఉన్న పిల్లలను ఆరుగురిని పట్టుకుని నేర్పించు. రెండో ఏడాదికి బోర్డులు వాళ్లు రాస్తారు, సంతోషంగా రాస్తారు.

బొమ్మలు అమ్ముకోవచ్చా అని నువ్వు అడగలేదు గానీ అది అడగాల్సిన ప్రశ్నే. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి వెసులుబాటు ఉంది, అసలు డ్యూటీ దెబ్బతినకూడదంతే. నీది కేంద్ర ఉద్యోగం కాదు, నీ గురుకుల సొసైటీ నియమాలు నువ్వు తెచ్చుకుని చదువు. ఎగ్జిబిషన్ పెట్టేముందు ప్రిన్సిపాల్‌కి ఒక కాగితం రాసి, అందినట్టు సంతకం పెట్టించుకుని కాపీ దాచుకో. నోటిమాట అనుమతులు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్‌తో పాటే వెళ్లిపోతాయి.

ఫెలోషిప్ గురించి. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్లవాళ్లకు, నెలకు 10 వేలు, రెండేళ్లు. నీ వయసు సరిపోతుంది. అప్లై చెయ్యి, ఉద్యోగంలో ఉంటూ తీసుకోవచ్చో లేదో రూల్స్ చూసుకో. కానీ దాని కోసం ఈ ఉద్యోగం వదులుకోకు. ఆ 10 వేలలో 8 వేలు వడ్డీకే పోతాయి. మిగిలిన 2 వేలతో యూసుఫ్‌గూడలో ఎలా బతుకుతావు?

నీ ఫ్రెండ్ సంగతి నాకు తెలియదు. ‘వాడికి మణికొండలో వాళ్ల నాన్న కొన్న ఫ్లాట్ ఉంది’ అని నువ్వే ఆ రెండో కాగితంలో ఒక మూల రాశావు. సొంత ఫ్లాట్‌లో కూర్చుని చెప్పే ధైర్యానికి అద్దె ఉండదు. మంచివాడే అయి ఉంటాడు, రంగులు అరువిస్తే తీసుకో.

దామెర్ల రామారావు గారి మాట చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఆయన పోయింది మశూచి వల్ల. 1897లో పుట్టి 1925లో పోయారు. అది గడువు కాదు బాబూ, దుర్మరణం. ఆయనతో పోల్చుకునేటప్పుడు ఇంకొకటి కూడా చూడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ పిల్లవాడి చెయ్యి చూసి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. వెనక ఒకడు నిలబడ్డాడు. నీకు ఏ దొరా లేడు. నెలనెలా పడే జీతాన్నే నీ కూల్డ్రే దొర అనుకో. ఆయన కంటే ఒక్క విషయంలో నయం, నీ బొమ్మ బాగుందో లేదో చెప్పడు.

నేను తప్పు చెబుతూ ఉండొచ్చు. అందుకని ఒక గుర్తు పెట్టుకుందాం. ఇప్పుడు నీ లెక్క 14 నెలలకు నాలుగు. ఉద్యోగంలో మొదటి ఏడాది ఎలాగూ కొత్త, వదిలేద్దాం. రెండో ఏడాది చివర లెక్కపెట్టు. నాలుగుకి తగ్గితే, స్కెచ్‌బుక్కులు కూడా ఖాళీగా ఉంటే, అప్పుడు రాజీనామా గురించి ఆలోచించు. నాకు మళ్లీ ఉత్తరం రాయి, నేనే వద్దనను. అప్పటికి అప్పు కూడా దాదాపు తీరి ఉంటుంది, బయటికి రావాలంటే మెడ మీద బరువుండదు. ఇవాళ ఆగిపోతే రెండేళ్ల తరువాత అప్పూ ఉంటుంది, ఉద్యోగమూ ఉండదు, బొమ్మలూ ఇన్నే ఉంటాయి. రెండింటికీ చెడ్డ రేవడి అంటారే, అది.

నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది ఆ ఇంజిన్ పక్క సీటు. మిగతాదంతా టెన్షన్‌లో రాశావు, ఆ నాలుగు వాక్యాలు మాత్రం ఇష్టంగా రాశావు. ‘సంచి మీద చెయ్యి మాత్రం వదలని ముసలమ్మలు’ అన్న చోట నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. మరి ఆ బొమ్మలు మీ నాన్నగారికి చూపించావా? ఉత్తరంలో ఎక్కడా లేదు. అంతమంది అంత నిబ్బరంగా నిద్రపోయారంటే ముందు ఒక మనిషి మెలకువగా ఉండబట్టే. ‘నీ ఇష్టం కొడుకా’ అన్నప్పుడు ఆయన దేని గురించి అంటున్నారో ఆయనకే తెలియకపోవచ్చు. కొడుకు హైదరాబాద్‌లో ఏవో పటాలు వేస్తున్నాడని తప్ప తన బస్సునే వేస్తున్నాడని ఎవరు చెప్పారు? అమ్ముడుపోని ఆ రెండు కాన్వాసులనూ ఎలాగూ గది ఖాళీ చేసి ఊరికి తేవాలిగా. తెచ్చి, గోడకు ఆనించి, ఆయన్ని పిలువు. ఏమీ చెప్పకు. ఆయన ముందు అద్దమో స్టీరింగో తప్పు వేశావని అంటారు, చూస్తూండు.

సిద్దిపేట నుంచి ఆసిఫాబాద్ అంటే కరీంనగర్, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా చాలా దూరం. రాత్రి బస్సుకే వెళ్లు. రంగుల పెట్టె పైన లగేజీలో పెట్టినా, స్కెచ్‌బుక్, పెన్సిల్ మాత్రం చేతిలో ఉంచుకో. ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరుగు. బస్సు కుదుపులకు గీత వంకరపోయినా ఫరవాలేదు, మొదటిది ఫోటో తీసి నాకు పంపించు.